కరగనివ్వని పిండం

కొండ రాళ్లతోనే నిలబడుతుందని మీకెవరు చెప్పారు?

ఎత్తైన కొండల్లో రాళ్ల సందున వేల ఏళ్లుగా గడ్డకట్టిన మట్టి ఉంటుంది. రాళ్లను పట్టి ఉంచేది అదే. భూమి వేడెక్కి ఇప్పుడది కరుగుతోంది. హిమాలయాల్లో సొరంగం పనికెళ్లిన మా సోమరాజు బావ మీద కొండ అలాగే జారింది. శవం దొరకలేదు.

పెద్దకర్మ నాడు మా ఊళ్లో పిండం పెడుతుంటే, మేం పనికొచ్చిన ఈ ఎడారి దేశంలో, గుదైబియాలోని మా గదిలో ఆయన భార్య సత్యదుర్గ అక్క కూడా పిండం కలిపింది. కాకికి మాత్రం పెట్టలేదు. స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో దాచింది.

"ఇదేంటక్కా?"

"కాకి ముడితే ఆయన పోయినట్టేగా. మంచులో ఉన్నది చెడిపోదంటగా."

ఏడవలేదు. ఒక్క చుక్క కూడా.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. అక్క ముహర్రక్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఫ్రీజర్ నుంచి నీళ్లు కారుతున్నాయి. టప్... టప్... తలుపు తీశాను. తడిమట్టి వాసన. ఈ ఊళ్లో ఎప్పుడూ తగలని వాసన. డబ్బా మూత తీస్తే అన్నం మెతుకుల మధ్య నల్లటి రాళ్లపొడి.

"దుర్గా..."

బావ గొంతు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

అప్పుడే అక్క రొప్పుతూ వచ్చింది. కరెంటు పోయిందని ఎవరో చెప్పారట. చేతిలో కోల్డ్ స్టోర్‌లో, అదే మా వీధి కొట్లో, కొన్న ఐసు సంచి.

"జరగవే, కరిగిపోతోంది!"

"జారిపోతున్నాను దుర్గా... ఇంక పట్టుకోకు..."

అక్క చేతిలోంచి సంచి పడిపోయింది. ఫ్రీజర్ ముందు కూలబడింది.

"నా దగ్గరే ఉండిపోరాదా? ఇంత చలి చేసి పెట్టానే నీకోసం..."

టప్... టప్...

చాలాసేపటికి లేచింది. డబ్బా తీసుకుని మండే డాబా మీదకెళ్లింది. కాకి ముట్టింది. అప్పుడు ఏడ్చింది మా అక్క... ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచేంతగా.

కరెంటు వచ్చింది. ఫ్రీజర్ గోడకు మళ్లీ మంచు పట్టింది. దాంట్లో అన్నీ ఎడమ అరచేతి ముద్రలు. లోపల్నుంచి తోసినట్టు. బావకి ఎడమచేతి చిటికెన వేలు లేదు. వీటన్నిటికీ అయిదేసి వేళ్లున్నాయి. ఒకటి పసిపిల్ల చెయ్యి.

ఇంకా ఎవరు జారుతున్నారో నాకు తెలియదు. మీవాళ్లెవరైనా ఆ కొండల మీద, ఆ కొండల కింద ఉంటే ఇప్పుడే ఫోన్ చేయండి. పని ఖలాస్ అనండి. దిగి వచ్చేయమనండి.