పత్తిచేలో పడ్డ బంతి

"తాతా, ఆ కర్రతో బంతి కొడితే జీతమిస్తారా?" అని అడిగింది మాయక్కాళ్.

"ఆమా, గెలిస్తే ఇస్తారు. ఆయన పేరు పొన్నయ్య. మద్రాసు నుంచి వచ్చినాడు. ఆడటమే ఆయన పని," అన్నాడు తాత అళగర్సామి.

"మరి నేనాడితే ఎందుకు తిడతారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గొడుగు కింద నిలబడ్డ దొర వేలు పెదవుల మీద పెట్టాడు. ఆయన తీర్పరి. బంతి కొట్టేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు.

కోవిల్‌పట్టి బయట బీట్లో గోల్ఫ్ పందెం జరుగుతోంది. దొరలు కుర్చీల్లో, మనవాళ్ళు ఎండలో. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేసినవాడిదే గెలుపు. పొన్నయ్యా, ఒక దొర ఆటగాడూ సరిసమానంగా ఉన్నారు. ఇంకా రెండు గుంటలు మిగిలాయి. గెలిస్తే పొన్నయ్యకు క్లబ్బులో ఆట నేర్పే ఉద్యోగం. ఓడితే మళ్ళీ దొరల కర్రల సంచి మోయాలి.

మాయక్కాళ్‌కు నిలబడి నిలబడి కాళ్ళు లాగాయి. పక్కనే పత్తి తీసేసిన చేను. మెల్లగా అందులోకి జారుకుంది.

వాళ్ళ పల్లెలో పత్తి తీశాక చేలో మిగిలింది పిల్లలది. దాన్ని పరిగె అంటారు. ఎవరి చేనైనా సరే, ఎవరూ అడ్డు చెప్పరు.

నాలుగు పత్తి పింజలు ఒడిలో వేసుకుందో లేదో, ధప్‌మని ఏదో పడింది. ఒక ఎండిన పత్తి మోడు పక్కన, నేల నెర్రె అంచున. తెల్లగా, గుండ్రంగా, ఒళ్ళంతా చిన్న చిన్న గుంతలతో. ఇంత మంచి పరిగె ఎన్నడూ దొరకలేదు! గబుక్కున ఒడిలో దాచుకుంది.

అంతలో పొన్నయ్య కొట్టిన బంతిని వెతుక్కుంటూ జనం పరుగెత్తుకొచ్చారు. గొడుగు దొర వాచీ తీశాడు.

"అయిదు నిమిషాల్లో బంతి దొరక్కపోతే వెనక్కి పోయి మళ్ళీ కొట్టాలంట! ఒక దెబ్బ దండగ కూడా," అన్నాడు తాత. తనూ మోకాళ్ళ మీద కూర్చుని వెతకసాగాడు.

పొన్నయ్య ఒక్కో మొక్కా పక్కకు తోస్తున్నాడు.

'పరిగె కదా, నాదే కదా,' అనుకుంది మాయక్కాళ్. కానీ పరిగెను వెతుక్కుంటూ ఎవరూ రారు. దీనికోసం ఇంతమంది వచ్చారు.

ఒడి విప్పింది. "తాతా... పరిగె అనుకొని తీసినాను."

తాత చెయ్యెత్తాడు. పొన్నయ్య అడ్డుపడ్డాడు. "కొట్టొద్దు పెద్దాయనా. బంతి ఎక్కడుండిందో అక్కడే పెడితే తప్పు లేదు. చూపించమ్మా."

"నేల గట్టిగా ఉన్నచోట పెట్టవే, కొట్టడానికి సులువు. ఆయన మనవాడు," అని వెనకనుంచి ఎవరో గుసగుసలాడారు. తాత ఏమీ ఎరగనట్టు ఆకాశం చూశాడు.

అయినా మాయక్కాళ్ వెళ్ళి బంతిని ఆ మోడు పక్కనే, నెర్రె అంచునే పెట్టింది.

పొన్నయ్య నిట్టూర్చాడు. "సరి. అక్కడుంటే అక్కడే," అని ఆమె తల నిమిరాడు. బంతి చేలోంచి బయటపడటానికి రెండు దెబ్బలు పట్టాయి. ఆ గుంటలో దొర ఆటగాడు ఒక దెబ్బ ముందుకు పోయాడు.

పందెం చివరికి పొన్నయ్యే గెలిచాడు, ఒకే ఒక్క దెబ్బ తేడాతో. ఉద్యోగమిచ్చారు. కూర్చోమని కుర్చీ మాత్రం ఎవరూ చూపించలేదు. అయితే అంతకు ముందే, చివరి గుంటకు ఆడేటప్పుడు ఇది జరిగింది.

దొర ఆటగాడు కొట్టిన బంతి కూడా అదే చేలో పడింది.

"దాచెయ్యండ్రా! మనవాడు గెలవాల!" అని అరుస్తూ పల్లె పిల్లలందరూ ఉరికారు. అందరికన్నా ముందు ఉరికింది మాయక్కాళ్. బంతి ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఎవరూ ముట్టొద్దు! ఇది పరిగె కాదు, దీంట్లో ఇంకా ఆట ఉంది!"