ఎదురుగా మనిషి ఉన్నట్టు

మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లెలు పనిముట్ల సంచీ తీసుకుని మేడమీది గదిలోకి వెళ్లింది. కంప్యూటర్లు బాగుచేయడం ఆమె వృత్తి. బావ పోయి ఆరు నెలలు. అప్పట్నుంచీ ఆ తలుపు ఎవరూ తీయలేదు. కూతురి కోసం ఆయన తన గొంతుతో చెప్పి రికార్డు చేసిన కథలన్నీ ఆ గదిలోని కంప్యూటర్లోనే ఉండిపోయాయి. అక్క అడిగింది అవొక్కటే.

గదంతా దుమ్ము వాసన. బయట సన్నగా వాన.

బటన్ నొక్కితే తెర మీద ఒకే మాట: "సంతకం చెల్లదు." లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి సెట్టింగ్స్ చెదిరిపోయాయి. తెలియనిదేదీ చొరబడకుండా కాపలా కాసే సెక్యూర్ బూట్ సొంత సిస్టమ్‌నే గుర్తుపట్టడం లేదు. ఆమెకిలాంటివి కొట్టిన పిండి. బ్యాటరీ మార్చి, పాత సెట్టింగ్స్ మళ్లీ ఎక్కించమంది.

"ఎదురుగా మనిషి ఉన్నట్టు నిర్ధారించేందుకు ఎంటర్ నొక్కండి," అంది తెర.

ఆమె ఇంకా కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

టక్.

"అందింది."

తెర మీది మాట చూసి, ఎంటర్ మీట ఇరుక్కుందేమో అనుకుంది. కంప్యూటర్ ఆపి, కీబోర్డ్ వైరు పీకి పక్కన పెట్టి, మళ్లీ ఆన్ చేసింది. తెర మళ్లీ అదే అడిగింది. వేరే కీబోర్డ్ కోసం సంచీలోకి వంగింది.

టక్.

మెల్లగా తలెత్తి చూసింది. వైరు లేని కీబోర్డు మీద ఎంటర్ మీట కిందికి దిగి ఉంది... అలాగే ఉంది... తర్వాత పైకి లేచింది.

"అందింది."

"బావా... మీరేనా?" అంది.

మెడ మీద తడి ఊపిరి తగిలింది.

ప్లగ్గు పీకేసి, మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

"అయిందా?"

"అక్కా... బావ పైనే ఉన్నారు."

అక్క చేతిలో గిన్నె ఆగిపోయింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని మెట్ల దగ్గరికి నడిచింది.

"వద్దక్కా. వెళ్లకు."

"భయమెందుకే... ఆయనేగా."

పైన కుర్చీ బల్ల దగ్గరికి జరిగిన చప్పుడైంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి అక్క మొహం విప్పారింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

అప్పుడు ఇంకో కుర్చీ జరిగింది. నెమ్మదిగా, మొదటిదాని పక్కకి.

ఆ గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ.