పాలపొడిలో సీజియం

ఉదయం పదకొండింటికి, బయట తల్లులు చీటీలు పట్టుకుని కూర్చుని ఉండగా, పిల్లల డాక్టర్‌ను కిటికీలోంచి కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు. పోతూ పోతూ బల్లమీది బ్లడ్ రిపోర్టులు కూడా ఎత్తుకుపోయారు.

"ఒక్కటి మిగిలింది," అంటూ చీఫ్ కాగితం ముందుకు తోశాడు. ఎదురుగా కూర్చున్న గూఢచారిని ఆఫీసులో డేగ అంటారు.

"నాలుగు నెలలుగా పిల్లలకి విరేచనాలు, తగ్గని జ్వరాలు. తెల్లకణాలు సగానికి పడిపోయాయి. స్కూల్లో ఇచ్చే పాలపొడిలో సీజియం అనే రేడియోధార్మిక విషం ఉందని డాక్టర్ కనిపెట్టాడు. రేడియేషన్ సోకి పారేయాల్సిన సరుకుని ఒక విదేశీ ముఠా కొత్త సంచుల్లో నింపి మనకి తోలుతోంది. మూడింటికి ఇక్కడి పాలపొడి కంపెనీ గోడౌన్ నుంచి ఐదు లారీలు బయల్దేరతాయి. లోపల మన మనిషి ఉంది. కోడ్, 'గొడుగు తెచ్చావా?'"

"నా వేషం?"

"పురుగుల మందు కొట్టేవాడు."

"సరిపోయింది. పురుగుల దగ్గరికేగా!"

మూడింటికి పది నిమిషాలు. వీపున స్ప్రే ట్యాంకుతో డేగ గోడౌన్‌లో సంచుల మధ్య నడుస్తున్నాడు. అతని వాచీలో దాచిన, రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ ముల్లు ఎర్రగీత దాటింది.

"చేతులెత్తు!"

పిస్టల్ పట్టుకున్నది కంపెనీ డైరెక్టర్ సెక్రటరీ. ఎర్రటి లిప్‌స్టిక్, చెక్కుచెదరని చీర. ఆమె వెనక డైరెక్టర్, ముఠాకి ఇక్కడి దళారి.

"పిల్లలన్నాక కడుపునొప్పి రాదా? దానికింత గొడవా?" అన్నాడు.

చెప్పుకంటిన పేడను చూసినట్టు చూశాడు డేగ. "మీ పిల్లలు ఈ పాలే తాగుతారా?"

"ఛీ! మా వాళ్ళకి వేరే తెప్పిస్తాం."

సెక్రటరీ తాపీగా అడిగింది. "గొడుగు తెచ్చావా?"

"గొడుగేంటి?" అంటూ తిరిగిన డైరెక్టర్ కణతకి పిస్టల్ తగిలింది.

"మా అక్క కొడుకు ఈ పాలు తాగే ఆస్పత్రిలో పడ్డాడు సార్," అందామె. "ఐదేళ్ళు. గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవట్లేదు."

బయట ఇంజన్ మోగింది. డేగ పరుగెత్తాడు. మొదటి లారీ గేటులోకి వచ్చేసింది. రెండు గుండ్లు, రెండు టైర్లు. లారీ అడ్డంగా ఒరిగి గేటును మూసేసింది. వెనక నాలుగూ అక్కడే ఆగిపోయాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "డైరెక్టర్ ఏమంటున్నాడు?"

"పిల్లలంటే తనకి ప్రాణమని స్టేట్‌మెంట్ రాస్తున్నాడు సార్. ఇప్పుడు రాస్తున్నది రెండో పెన్నుతో. మొదటిది సిగ్గుతో ఆగిపోయింది."