రాకీ వదిలేసిన చెయ్యి

తెల్లవారుతూనే పాల గిన్నెతో పెరటి గుమ్మం దాటుతూ రామలక్ష్మి కాలు బాగా చాచి అవతల వేసింది. అక్కడ ఏమీ లేదు, ఉత్త గచ్చు. నిరుడు వానాకాలం దాకా ఆ గుమ్మానికి అడ్డంగా రాకీ పడుకునేది. నల్లటి రాట్‌వీలర్ జాతి కుక్క. దాన్ని తొక్కేస్తానేమోనని కాలు ఇప్పటికీ తనంతట తనే సాగుతుంది.

స్టవ్ దగ్గరున్న కూతురు సాయిదుర్గ చూడనే చూసింది.

"లేని కుక్కని ఎన్నాళ్లు దాటుతావమ్మా?"

"అలవాటే."

"అలవాటు కాదు, భయం. అంత పని చేసిన కుక్కని ఎవరు మర్చిపోతార్లే."

రామలక్ష్మి పమిట లాక్కుని కుడిచెయ్యి కప్పుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా కుట్ల గుర్తులు.

నిరుడు ఒకరోజు చెరువు గట్టు మీద, కుండపోత వానలో, రాకీ ఆమె మీద పడింది. ఆ జాతే అంత అన్నారు ఊళ్లో అందరూ. ఎప్పటికైనా యజమానినే తినేస్తుందన్నారు. భీమవరం నుంచి పరుగెత్తుకొచ్చిన సాయిదుర్గ, అది ఉన్నన్నాళ్లూ పిల్లని తీసుకుని ఈ గడప తొక్కనంది. మర్నాడు రామలక్ష్మి భర్త వీరబాబు రాకీని ట్రాలీ ఆటో ఎక్కించి సముద్రం వైపు తీసుకెళ్లాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. ఎక్కడ, ఏం చేశావని ఎవరూ అడగలేదు.

రామలక్ష్మి కూడా అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. చేతిని పట్టుకున్న రాకీ, వానకి నెత్తిన కప్పుకున్న రొయ్యల మేత సంచి జారి ఆమె మొహం కనబడగానే వదిలేసింది. పొట్ట నేలకానించి పాక్కుంటూ వచ్చి ఆమె పాదాల మీద మూతి పెట్టింది. తలెత్తి ఆమె కళ్లలోకి చూసి మూలిగింది. కళ్లు మూసుకుంటే ఆ చూపే వస్తుంది.

"ఈసారి నాన్న మంచి జాతి తెచ్చారు," అంది సాయిదుర్గ, కాఫీ వడకడుతూ. "లాబ్రడార్. పాప తోక పట్టుకుని లాగినా ఏమనదు."

"రాకీ కూడా ఏమనేది కాదు."

"దానికీ దీనికీ పోలికేంటమ్మా?"

రామలక్ష్మి టిఫిన్ క్యారియర్ సర్దసాగింది. వచ్చిన కొత్తలో ఆ లాబ్రడార్, జిమ్మీ, ఎవరొచ్చినా తోకాడించేది. ఈ మధ్య వీరబాబు స్కూటర్ చప్పుడు వింటే మంచం కిందకి దూరుతోంది. పొద్దున్నే ఆయన దాన్ని లాక్కుంటూ చెరువుకి వెళ్తున్నాడు. తిరిగొచ్చాక అది అన్నం ముట్టడం లేదు.

టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆమె పెరటి దారిన బయలుదేరింది. రొయ్యల చెరువులు ఇంటి వెనకే. మబ్బు దట్టంగా కమ్మింది. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరులో ఆమె అడుగుల చప్పుడు షెడ్డు దగ్గరున్న వాళ్లకి వినబడలేదు.

కాపలా ఉండే చిట్టియ్య ఖాళీ మేత సంచి నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. చేతిలో కర్ర. జిమ్మీ గొలుసు షెడ్డు పక్కన పాతిన చిన్న గుంజకి కట్టి ఉంది. చిట్టియ్య కర్రతో దాని డొక్కలో పొడిచి, వెనక్కి గెంతాడు. కుక్క కెవ్వుమంది.

"పారిపోరా," అన్నాడు వీరబాబు. "నువ్వు పారిపోతుంటేనే దానికి కసి. జిమ్మీ, పట్టు. సంచి పట్టు."

ఇంకో పొడుపు. ఈసారి జిమ్మీ పళ్లు బయటపెట్టి గాల్లోకి లేచింది. గొలుసు బిగిసి వెనక్కి పడింది.

"అదీ. ఇప్పుడు దారికొచ్చావు."

రామలక్ష్మి చేతిలోంచి క్యారియర్ జారింది. ఇద్దరూ తిరిగి చూశారు. చిట్టియ్య గబగబా సంచి తీసేశాడు.

"రాకీకీ ఇలాగే నేర్పారా అండీ?"

"ఇంటికెళ్లు. వానొస్తోంది."

"అడిగిందానికి చెప్పండి."

"కాపలా కుక్కే అది, ముద్దులాడ్డానికి తెచ్చానా? రొయ్యలు ఎత్తుకుపోయేవాడు సంచి లేకుండా వస్తాడేంటి? సంచి కనబడితే మీద పడాలి."

"చినుకు పడితే ఈ గట్టు మీద సంచి వేసుకోనిది ఎవరండీ? ఆడాళ్లం, కూలివాళ్లం, అందరం అదే కదా నెత్తిన వేసుకునేది. ఆ రోజు నా నెత్తిన ఉన్నది మీ మేత సంచే."

వీరబాబు చూపు చెరువు మీదకి పోయింది.

"మీకు తెలుసు," అంది ఆమె, గొంతు తగ్గించి. "నెత్తుటితో తడిసిన సంచి మీరే తీసి నీళ్లలో పారేశారు. నేను చూశాను. ఎందుకు పారేశారో ఇప్పుడు అర్థమైంది. మీరు నేర్పిందే అది చేసింది. తప్పు దాని జాతిదయింది."

"అమ్మగారూ, బాబుగారు ఏదో..." అన్నాడు చిట్టియ్య.

"నువ్వుండు చిట్టియ్యా."

వాన ఒక్కసారిగా దిగింది.

"అమ్మా, గొడుగు కూడా లేకుండా వచ్చేశావేంటి?"

గట్టు మలుపులో సాయిదుర్గ. చంకలో పాప. ఇద్దరి నెత్తినా కలిపి, పెరట్లో దొరికిన మేత సంచి.

జిమ్మీ లేచింది. తడిసిన నేలలో గుంజ కదిలింది. రెండో ఊపుకి ఊడొచ్చింది.

"సంచి పారెయ్ దుర్గా," రామలక్ష్మి కేక చెరువు అవతలకి వినబడింది. "దూరంగా పారెయ్."

ఎందుకని అడగకుండా సాయిదుర్గ విసిరేసింది. గొలుసునీ గుంజనీ ఈడ్చుకుంటూ వచ్చిన జిమ్మీ, పాప పాదాల పక్కనుంచి దూసుకుపోయి సంచి మీద పడింది. పీలికలు చేసింది. పాప ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని కుక్క ఆగింది. పిల్లవైపు చూసింది. పొట్ట నేలకానించింది.

రామలక్ష్మి పోల్చుకుంది. రాకీది అదే చూపు.

వీరబాబు చిట్టియ్య చేతిలో కర్ర లాక్కున్నాడు. "మంచి జాతన్నాడు అమ్మినవాడు. ఇదీ అంతే."

ఆమె కుక్కకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"తప్పుకో లక్ష్మీ."

"ఆ రోజు నోరు మెదపలేదు నేను. రాకీ నన్ను చూసి వదిలేసిందని ఒక్కమాట చెప్పుంటే బతికేది. ఇవాళ తప్పుకోను. సంచి కనబడితే పట్టమని మీరే నేర్పి, ఇంకెన్ని జాతులు మారుస్తారండీ? మారాల్సింది అవి కాదు."

సాయిదుర్గ పాపని గుండెకి అదుముకుని తండ్రినే చూస్తోంది. "నాన్నా," అంది మెల్లగా, "రాకీ ఉంటే రానని పట్టుబట్టింది నేను. మీరు అప్పుడైనా చెప్పుండాల్సింది."

వీరబాబు చేతిలో కర్ర కిందకి దిగింది. మొహం మీద కారేది వాన ఒక్కటే కాదని ముగ్గురికీ తెలుస్తోంది.

"ఆటోలో దారంతా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది లక్ష్మీ. షికారుకి తీసుకెళ్తున్నాననుకుంది. దిగమంటే దిగింది. కూర్చోమంటే కూర్చుంది."

రామలక్ష్మి ఆయన చేతిలోంచి కర్ర తీసుకుని చెరువులోకి విసిరింది. భుజం మీద చెయ్యి వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు.

వీరబాబు బురదలో గొంతుకూర్చున్నాడు. ఉత్త చేతులు ముందుకి చాచాడు. "జిమ్మీ," అన్నాడు. "రా."

కుక్క ఆ చేతుల్ని చూసి వెనక్కి జరిగింది.

"ఇంటికి పదండి, తడిసిపోతున్నారు," అంది రామలక్ష్మి. "అన్నం పెట్టి నేను మచ్చిక చేస్తాలెండి."

"పాపని తీసుకుని మీరు వెళ్లండి. నేనంటే దానికి భయం పోవాలి. అది నా దగ్గరికి వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటా."

ఆమె వెళ్లలేదు. కూతుర్ని, పాపని షెడ్డులోకి పంపి, కాస్త ఎడంగా తనూ బురదలోనే కూర్చుంది.