విప్పరాని కుట్టు

ఆ దుప్పటి మూలనున్న అక్షరాలు ఎంతకీ ఊడిరావడం లేదు! ఇరవై రెండేళ్లుగా డోర్కస్ చేస్తున్న పని అదే కదా! లాంబెత్ సందులో భర్త ఈనక్ నడిపే పాతబట్టల దుకాణానికి వెనకదారిన మూటలు వచ్చేవి. చేతిరుమాళ్ల మీదా, దుప్పట్ల మీదా సొంతదార్లు కుట్టించుకున్న పేర్లను సూదిమొనతో ఒక్కొక్క పోగే లాగేసేది ఆవిడ. పేరు పోయిందా, ఆ గుడ్డ ఎవరిదో కన్నతల్లికి కూడా ఆనవాలు దొరకదు! అలాంటి డోర్కస్ వేళ్లు ఆ పొద్దున ఓడిపోయాయి. విసుగెత్తి దుప్పటిని తిరగేసి చూసింది...

ప్రతి అక్షరం వెనకా మూడేసి చిన్న ముడులు... లోకంలో ఆ కుట్టు ఇద్దరికే తెలుసు. ఒకరు తను, రెండోది కూతురు కెజియా! క్లాపమ్‌లో హాలోవెల్ దొరసాని ఇంట పనికి కుదిరినప్పుడు, "నీ బట్టలు ఎవరు కాజేసినా మాలాంటివాళ్లు పేరు విప్పలేకుండా కుట్టుకో తల్లీ" అని తనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆ పిచ్చిపిల్ల దొరసాని దుప్పట్లన్నిటికీ అదే కుట్టు వేసి పెట్టిందన్నమాట!

"ఏమండీ! ఈ మూట ఎవరు తెచ్చారు?"

ఈనక్ సాసర్లో టీ ఊదుకుంటున్నాడు. "ఎవరు తెస్తే నీకెందుకే? ఊడకపోతే ఆ మూల కత్తిరించి పొయ్యిలో పడెయ్. దీనికింత రాద్ధాంతమా!"

అంతలో పక్కింటి చాకలి సూసన్నా రొప్పుకుంటూ లోపలికొచ్చి పడింది. క్లాపమ్ ఇళ్ల బట్టలన్నీ ఉతికేది ఆవిడే. "డోర్కస్ వదినా! కొంప మునిగింది! హాలోవెల్ వాళ్లింట్లో దొంగలు పడ్డారు. దుప్పట్ల బీరువా తాళం కెజియా దగ్గరే ఉంటుందిగా, దొంగలకి తలుపు తీసింది అదేనని పోలీసులు పట్టుకుపోయారు! పది గంటలకి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట..."

ఈనక్ సాసరు కింద పెట్టేశాడు. సూసన్నా కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది.

"అది ఆ ఇంటి సరుకని నాకేం తెలుసే?" అన్నాడు ఈనక్, నేల చూపులు చూస్తూ. "ఇప్పుడు నోరు విప్పితే నేను లోపలికి పోతాను. రుజువు లేదుగా... కొన్నాళ్లు ఉంచుకుని వాళ్లే వదిలేస్తారులే."

"వదిలేస్తారా! దొంగ అన్న మాట పడ్డ పిల్లని ఎవరు గడప తొక్కనిస్తారండీ?" డోర్కస్ లేచి నిలబడింది. "ఇన్నేళ్లూ మీరు తెచ్చిన ప్రతి పేరూ చెరిపాను. ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు. నాది పాపిష్టి బతుకే! కానీ నా బిడ్డ చేత్తో వేసిన కుట్టు నేను చెరపను... చెరపను గాక చెరపను! భయపడకండి, మీ పేరెత్తను. కొన్నది నేనే అంటాను."

"గడప దాటావంటే మళ్లీ ఇంట్లో అడుగు పెట్టనివ్వను!"

"జైలుకెళ్లేదానికి గడపతో పనేముందండీ! తప్పుకోండి!"

మూట చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

బోనులో కెజియా మొహం పాలిపోయి ఉంది. తల్లిని చూడగానే "అమ్మా!" అని బావురుమంది. డోర్కస్ కూతురి వంక చూడలేదు. చూస్తే ధైర్యం సడలిపోతుందని భయం. దుప్పటి తిరగేసి మేజిస్ట్రేటు ముందు పరిచింది.

"అయ్యా, ఈ కుట్టు చూడండి. దొంగలతో కుమ్మక్కైన పిల్ల ఎవరూ విప్పలేని కుట్టు ఎందుకు వేస్తుంది? సొత్తు కాపాడాలనుకున్నది గనకే వేసింది. ఈ మూట కొన్నది నేను... శిక్ష నాకు వేయండి!"

"నీకు అమ్మింది ఎవరు?"

ఆ పేరు ఆవిడకి తెలిస్తేగా! మేజిస్ట్రేటు భృకుటి ముడిపడింది. కూతుర్ని కాపాడుకోవడానికి తల్లి ఆడే అబద్ధమని ఆయన అనుకుంటున్నట్టు తెలిసిపోతోంది. అయ్యో, ఇంత చేసీ బిడ్డను ముంచేశానా...

"దానికి తెలీదు దొరా!"

తలుపు దగ్గర ఈనక్! నెత్తిన టోపీ లేదు, పరుగెత్తి రావడంతో ఊపిరి అందడం లేదు. "కొన్నది నేను. దుకాణం బోర్డు మీదున్నదీ నా పేరే. తెచ్చినవాడు ఆ ఇంటికి బొగ్గులేసే బండివాడు, డ్రూ. బొగ్గుల నేలమాళిగలోంచి దూరానని వాడే చెప్పాడు. నా కూతురు ఏ తలుపూ తియ్యలేదు!"

కానిస్టేబుల్ అతని రెక్క పట్టుకున్నాడు. డోర్కస్ అతని దగ్గరికి ఉరికింది. "మీ పేరు చెప్పనన్నానుగా... ఎందుకొచ్చారండీ?"

"రానివ్వనని నిన్ను బెదిరించాను. నువ్వు లేని ఇంట్లో నేనే ఉండలేకపోయానే..."

"నాన్నా!" అని కెజియా బోనులోంచి చేతులు చాచింది. ఆ పిలుపు విని, ఇన్నేళ్లలో ఎన్నడూ ఏడవని మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కెజియాని వదిలేశారు, మొగుడి నేరం భార్య నెత్తిన వేయలేమని డోర్కస్‌నీ పంపేశారు. ఈనక్‌కి మూడేళ్ల జైలు పడింది. మర్నాడే డోర్కస్ సుత్తి తీసుకుని వెనకతలుపుకి మేకులు కొట్టేసింది. హాలోవెల్ దొరసాని మళ్లీ పనికి రమ్మంది గానీ, కెజియా తల్లి దగ్గరే ఉండిపోయింది. సూసన్నా తెచ్చే బట్టల మీద తల్లీకూతుళ్లిద్దరూ సొంతదార్ల పేర్లు కుట్టిపెట్టసాగారు.

మొదటి ఆదివారం, పని లేని పూట, డోర్కస్ ఈనక్ చొక్కా ముందేసుకుని అతని పేరు కుడుతూ కూర్చుంది.

"నాన్న పాత చొక్కా ఎవరెత్తుకుపోతారమ్మా? దానికి కూడా మూడు ముడులా?" నవ్వబోయింది కెజియా.

"ఎవరూ ఎత్తుకుపోరు తల్లీ. తిరిగొచ్చాక వేసుకుంటారు," అంది డోర్కస్, మూడో ముడి బిగిస్తూ.