నాడా మలుపులో మాట

నాడా మలుపు దగ్గర బండి ఆపకూడదని మా ఊళ్లో నిన్న పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. గుర్రపు నాడాలా వంగిన రోడ్డు, పక్కన లోయ, అంచున ఇనప కాలిమీద చిన్న గుడిలాంటి పెట్టె. పెట్టెలో ఒక నూనె దీపం, ఒక ఫొటో. ఆ ఫొటోలోవాడు అర్గిరిస్. కిందటి శీతాకాలం మంచుమీద కారు జారి అక్కడే పోయాడు.

నేను కాఫీకొట్టువాణ్ణి. దెయ్యాలు నా దగ్గరికి నడిచి రావు, కాఫీ తాగేవాళ్ల నోళ్లలో వస్తాయి. పాల ట్యాంకరు తోలే పనాయోతిస్ ఒక సాయంత్రం చక్రం చూసుకుందామని అక్కడ ఆగాడట. ఇంజను ఆపాడట. వెనకనుంచి ఒక ఆడగొంతు...

"నువ్వు కాదులే."

అంతే. ట్యాంకరులో పాలు వెన్నయ్యేంత వేగంగా వచ్చి నా కొట్లో పడ్డాడు. "నేను కాకపోతే ఇంకెవరు కావాలట?" అన్నాడు. "నీ మొహం చూసి వద్దనుకుందేమోలే" అన్నాను. అందరూ నవ్వారు. కానీ ఇళ్లకు మాత్రం గుంపుగానే వెళ్లారు.

నవ్వనివాడు ఒక్కడే — స్తాథిస్.

స్తాథిస్ అర్గిరిస్‌కి ప్రాణస్నేహితుడు. నుజ్జయిన కారును ట్రాక్టరు కట్టి లాక్కొచ్చింది వీడే. అర్గిరిస్ తల్లి కిరా అరెతి వీడి చెయ్యి పట్టుకుని, "వాడి కారులో ఉన్నవన్నీ నాకు తెచ్చివ్వు నాయనా, మేకు కూడా వదలకు" అంది. టోపీ ఇచ్చాడు. అద్దానికి వేలాడే శిలువ ఇచ్చాడు. అర్గిరిస్ వేళ్లమధ్య తిప్పుకునే పూసలదండ ఇచ్చాడు. వెనక సీటు కింద చెక్కుచెదరకుండా ఉన్న, పాట మోత పెంచే యాంప్లిఫయర్ మాత్రం ఇవ్వలేదు. ముసలమ్మ దాన్నేం చేసుకుంటుందిలే అనుకున్నాడు.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే" అన్నాడు.

ఆ ఒక్క మాట వాడి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అయినా ఆశ ఊరుకుంటుందా... వేసవి రాగానే దాన్ని తన కారుకి బిగించాడు. అంతకుముందు తీగ ముట్టినవాడు కాదు. అర్గిరిస్ తన కారుకి బిగించుకుంటుంటే పక్కన టార్చి పట్టుకు కూర్చున్నాడు, అదే వాడి చదువు. ఎర్ర తీగ బ్యాటరీకి లాగాడు. నల్ల తీగను కారు ఇనుముకు బిగించాలి. కింద రంగు గీకాలని తెలియక రంగుమీదే బిగించేశాడు. యాంపును నిద్రలేపే సన్న తీగ ఒకటుంటుంది, దాన్ని పాటల పెట్టెకు కలపాలి. వీడు సిగరెట్ లైటరు తీగకు కలిపాడు. అర్గిరిస్ అలాగే కలిపాడు మరి! గురువుకు తగ్గ శిష్యుడు.

పాట బాగానే మోగింది — నాడా మలుపు దగ్గర తప్ప. అక్కడికొచ్చేసరికి గరగర... పాట తెగిపోయేది, ఎవరో గొంతు నొక్కినట్టు. మలుపులో గతుకులకు ఆ నల్ల తీగ ఊగుతోందని వాడికేం తెలుసు? ఫొటోవైపు చూడకుండా, గుండెలమీద శిలువ గుర్తు వేసుకుంటూ పారిపోయేవాడు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం. చీకటి పడుతోంది. లోయలోంచి గాలి. మలుపు తిరుగుతుంటే ఈసారి గరగరతోపాటు కాలిన వాసన... వెనక సీటు కిందనుంచే.

ఆపక తప్పలేదు.

పెట్టెలో దీపం ఆరిపోయి ఉంది.

తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఎప్పట్లాగే చివర్న యాంప్ ఒక్క చప్పుడు చేసింది — ధప్.

తర్వాత ఏమీ లేదు.

పనాయోతిస్ విన్న మాట కోసం వాడి చెవులు ఎదురుచూశాయి. 'నువ్వు కాదులే' అంటే చాలు, ఇంటికి పోదామనుకున్నాడట. ఆ మాట రాలేదు. పెట్టె వెనక చీకట్లో చీకటి కదిలింది...

"వచ్చావా, అర్గిరీ?"

వాడు మళ్లీ తాళంమీద చెయ్యి వేశాడు.

"ఇంత ఆలస్యమా, నాన్నా..."

"నేను వాడు కాదు!" అని ఏడ్చేశాడు స్తాథిస్. "నేను స్తాథిస్‌ని... దొంగని..."

అగ్గిపుల్ల భగ్గుమంది. నల్ల తలగుడ్డ, చేతిలో నూనె సీసా — కిరా అరెతి. రోజూ దీపం పెట్టడానికి నడిచొచ్చి, చీకటిపడినా ఆ రాయిమీదే కూర్చుంటుందట. ఏ బండి ఆగినా చెవి ఒగ్గి వింటుంది. కొడుకు బండి చప్పుడు కాకపోతే, నువ్వు కాదులే, అని పైకే అనుకుంటుంది.

వాడు మోకాళ్లమీద పడి అంతా చెప్పాడు. ఇప్పుడే విప్పి ఇచ్చేస్తానంటూ స్క్రూడ్రైవరు కోసం తడుముకున్నాడు.

"విప్పకురా," అంది ఆవిడ. "వాడు ఇంటికొచ్చి కారు ఆపితే ఇదే చప్పుడు. అది వినేదాకా నాకు కునుకు పట్టేది కాదు. విన్నాక దీపం ఆర్పేసేదాన్ని... ఏదీ, ఇంకోసారి."

వాడు తాళం తిప్పాడు. మళ్లీ ఆపాడు.

ధప్.

"నన్ను తిట్టు పిన్నీ," అన్నాడు.

"తిడతాను. ముందు ఇంటికి తీసుకెళ్లు."

మర్నాడు వాడు రంగు గీకి నల్ల తీగను సరిగ్గా బిగించాడు. సన్న తీగను మాత్రం ముట్టలేదు. "కొత్తవాళ్లు చేసే తప్పిది. ఆ ధప్ అందుకే. చిటికెలో మార్చేస్తా" అని పట్నంలో ఎలక్ట్రీషియను చెయ్యి పెట్టబోతే, ఆ చెయ్యి పట్టుకుని ఆపాడట.

నాడా మలుపులో ఇప్పుడు ఎవరికీ ఏమీ వినబడదు. నేను కొట్టు మూసేవేళకు పై వీధిలో, కిరా అరెతి గుమ్మం ముందు ఒక కారు ఆగుతుంది. ధప్ మంటుంది. కాసేపటికి ఆవిడ కిటికీలో దీపం ఆరుతుంది. అప్పటిదాకా వాడు కదలడు.

"ఇంతకీ తిట్టిందా?" అని మొన్న అడిగాను.

"లేదు," అన్నాడు కాఫీకప్పులోకి చూస్తూ. "రోజూ లోపల్నుంచే, తిన్నావా నాన్నా, అంటుంది. తిన్నానమ్మా అంటాను. అడిగేది నన్నో, వాణ్ణో... అది మాత్రం అడగలేకపోతున్నాను."