ఒంటిగంటా ఇరవైకి కదిలే క్లిప్పు

గవర్నర్‌పేటలో తిరుపతిరావుగారి పెళ్ళి వీడియోల స్టూడియో ఉండేది. రెండువేల ఆరు ఎండాకాలంలో దాని ఎడిటింగ్ గదికి చెడ్డపేరొచ్చింది. కింద జిరాక్స్ షాపు దానమ్మ ప్రభువు పేరు తలుచుకోకుండా ఆ మెట్లెక్కేది కాదు. బెజవాడ దెయ్యం కదా... అర్ధరాత్రి దాకా ఆగే ఓపిక లేదు, మధ్యాహ్నమే దిగేది!

నేనప్పుడు అక్కడ కెమెరామన్ని. ఎడిటర్ ఇష్తియాక్ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

చల్లపల్లి బసవయ్యగారబ్బాయి పెళ్ళి వీడియో అది. అప్పగింతల్లో పెళ్ళికూతుర్ని వాటేసుకుని తల్లి మాణిక్యమ్మ ఏడుస్తుంది. ఆవిడ భర్త పోయి మూడేళ్ళు. అది చూసి బసవయ్య మండిపడ్డాడు.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటే వీడియోలో ఈవిడ మొహమేంటయ్యా? పీకెయ్!"

ఇష్తియాక్ పొద్దున ఆ ముక్క కోశాడు. సాయంత్రం వేసి చూపిస్తే — మాణిక్యమ్మ ఉంది. మర్నాడు మళ్ళీ కోశాడు. మళ్ళీ ఉంది... బసవయ్య తిరుపతిరావుగారి మీదికి లేచాడు.

"వీడు కావాలనే చేస్తున్నాడు. ఎల్లుండి వస్తా. అప్పుడు కూడా ఆవిడ కనపడిందో, వీణ్ణి పన్లోంచి తీసెయ్యాలి. లేదంటే మా ఊరి పెళ్ళిళ్ళు మర్చిపో!"

తిరుపతిరావుగారు తల గోక్కున్నారు. "దెయ్యమేమోనండీ..."

ఇష్తియాక్ ఉద్యోగానికే ఎసరొచ్చింది. ఇంట్లో సంపాదించేది వాడొక్కడే. అయినా బుర్రున్నవాడు, కూర్చుని కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం రాశాడు. ఐదు నిమిషాలకోసారి అది టైమ్‌లైన్ మీది క్లిప్పుల్ని పాత జాబితాతో పోల్చి, ఏది మారినా టైముతో సహా రాసిపెడుతుంది. భూతవైద్యుడికంటే నయం, కోడిని అడగదు.

మర్నాడు మళ్ళీ కోసి, భోంచేసొచ్చి చూశాడు. "ఒంటిగంటా ఇరవై — అప్పగింతలు — కొత్త క్లిప్పు."

ఆ తర్వాతి రోజు మళ్ళీ కోసి, భోజనానికి వెళ్ళినట్టే వెళ్ళి, గది మూలనున్న ఫొటోల తెర వెనకాల నక్కాడు.

గడియ పడింది... కుర్చీ కిర్రుమంది... టిక్... టిక్...

"యా అల్లా" అనుకుంటూ తొంగి చూశాడు. బనీను మీద తిరుపతిరావుగారు! ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో తువ్వాలు, కళ్ళు తుడుచుకుంటూ.

"సార్... మీరా?"

"అరవకురా! మా అక్క కూడా ఇంతే. కూతురి పెళ్ళిలో సామాన్ల గదిలో కూర్చుంది. ఒక్క ఫొటోలో లేదు. తీసింది నేనేరా... ఈ బసవయ్యకి ఎదురు చెప్పే దమ్ము నాకు లేదు. దెయ్యమంటే ఎవరూ అడగరని..."

"మీ దెయ్యానికి నా ఉద్యోగం బలా సార్?"

ఆయన తల దించుకున్నారు. వాడికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

సాయంత్రం బసవయ్య దిగాడు. తెర మీద మాణిక్యమ్మ ఏడుస్తోంది. ఆయన నోరు తెరిచేలోపే ఇష్తియాక్ చెవి దగ్గరికి వంగాడు.

"చెయ్యి నాది కాదండి. మెషినే రాసింది, చూడండి... నిన్నా ఇవాళా ఒంటిగంటా ఇరవై. ఇవాళ తెర వెనక నుంచుని కళ్ళారా చూశా. పెళ్ళికూతురి నాన్నగారు... 'మా ఆవిడేదీ?' అన్నారండి."

బసవయ్య మీసం వణికింది. "ఇంకేమన్నాడు...?"

"ఇక్కడ తీసేస్తే, చల్లపల్లి వచ్చి అడుగుతానన్నారండి."

సీడీలు రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని మరీ వెళ్ళాడు.

ఇప్పటికీ ఆ ఇంట్లో పెళ్ళి వీడియో వేస్తే, మాణిక్యమ్మ కనపడగానే బసవయ్య లేచి నిలబడతాడట.